రాజు ముఖానికి తగలని ముద్ర

మొన్న పింఛను కాగితాలు పంపాల్సి వచ్చి కవరు మీద స్టాంపు అంటించబోయాను. ఇంట్లో జిగురు సీసా ఎండిపోయి ఉంది. నీళ్ళ కోసం లేచే ఓపిక లేక నాలుక చివరతోనే తడిపాను. చప్పగా, కొంచెం తియ్యగా, ఆ వెనక సన్నటి చేదు. ఈ వయసులో నా నోటికి ఉప్పూ కారమూ సరిగా తెలియడం లేదు. ఈ బంక రుచి మాత్రం తెలిసింది. తెలిసిన మరుక్షణం దేవదానం పంతులయ్య గొంతు వినబడింది. "నాలుకతోని తడపకు బిడ్డా. రాజు వీపు అది. తడిగుడ్డ పెట్టిన గద, దానికి అద్దు." కవరు పక్కన పెట్టాను.

ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. గద్వాలకూ ఇటిక్యాలకూ నడుమ, రైలు స్టేషనుకు మైలు దూరంలో మా మిషన్ బడి ఉండేది. ఆయన ఆ బడికి పెద్ద పంతులు, మా క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆ బడి వరండాలో ఒక మూల నడిచిన చిన్న ఇంగ్లీషు టపా ఆఫీసుకు పోస్టుమాస్టరు కూడా ఆయనే. మూడు పనులకూ ఒకటే నల్లకోటు. మాది గద్వాల సంస్థానం, దాని మీద నిజాం సర్కారు, ఆ పైన ఇంగ్లీషు రాజు. నిజాం రాజ్యం లోపలి ఉత్తరాలకు నిజాం టపా వేరే ఉండేది. తుంగభద్ర దాటి బయటికి పోయే ఉత్తరాలకు మాత్రం రాజు ముఖం ఉన్న ఇంగ్లీషు టికెట్ కావాలి. స్టాంపును అప్పుడు టికెట్ అనే అనేవాళ్ళం. మిషన్ దొరగారికి బయటి ఉత్తరాలు ఎక్కువ కనుక ఆ ఆఫీసును మా దగ్గర పెట్టారు.

ఆ మూల విలువ ఏమిటో చెప్పకపోతే తరువాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. పంతులయ్యా, నేనూ, మా సంఘంలో ముప్పాతిక మందీ ఊరి బయటి వాడలో పుట్టినవాళ్ళం. ఊళ్ళో కోమటి దుకాణం ముందు మేము గడప కింద నిలబడి డబ్బులు నేల మీద పెడితే, సరుకు పైనుంచి పడేది. అలాంటి వాడలో పుట్టిన మనిషి కుర్చీలో కూర్చుని ఉంటే, కరణం తమ్ముడు, పెద్ద రైతులు మెట్ల మీద నిలబడి "పంతులూ, బొంబాయి నుంచి మావోని జాబు వచ్చిందా?" అని అడిగే చోటు మా చుట్టుపక్కల అదొక్కటే. ఆయన లేచేవాడు కాదు. గర్వంతో కాదు. చేతిలో ముద్ర ఉన్నప్పుడు లేస్తే రాజు పనికి అగౌరవం అనేవాడు. ఆ మాట ఆయన నిజంగా నమ్మాడు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికి పోయేది. అన్న శాంతయ్య బొంబాయి మిల్లుకు వెళ్ళాడు. నన్ను బడి హాస్టల్లో చేర్చుకుని, పలక పట్టించిన చేత్తోనే లేఖనాలు పట్టించినవాడు పంతులయ్య. భార్య ప్లేగులో పోయాక ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. శనివారం మధ్యాహ్నం టపా సంచి కట్టడం అయ్యాక, పెద్ద పిల్లలను నలుగురైదుగురిని పిలిచి భూతద్దం కింద టికెట్లు చూపించేవాడు. మాకు లోకమంటే అంతే, గోరంత కాగితం.

"రాజు ఎప్పుడు పక్కకే ఎందుకు సూస్తడు పంతులయ్యా? రెండో కన్ను లేదా?" అని ఒకసారి అడిగాను.

"నాణెం మీద గూడ గట్లనే ఉంటడు సూడు. ముఖం పక్కకు తిప్పితే ముక్కు, నొసలు, గదుమ తేటగ కనబడ్తయి. దొంగ అచ్చు ఏసెటోడు ముక్కు కాడ దొరుకుతడు."

"అయితే మన దిక్కు ఎన్నడు సూడడా?"

"సూడడు," అని ఆయన నవ్వాడు. "మనమే సూడాలె. గందుకే గద రాజు."

గడ్డం రాజు పోయి, గడ్డం లేని కొత్త రాజు టికెట్ల మీదికి వచ్చిన కాలం అది. నడుమ ఒకాయన టికెట్ ఎక్కకముందే గద్దె దిగిపోయాడని పంతులయ్య చెబితే, స్టేషను నుంచి సంచి మోసుకొచ్చే ఖాజామియా నమ్మలేదు. "గద్దె ఎవడన్న దిగుతడా పంతులు సాబ్? పరేషాన్ చేయకు," అన్నాడు. అణా టికెట్ మీద రాజు తలకాయ ఒక్కటే ఉండేది, కిరీటంతో, మెడ దగ్గర తెగ్గోసినట్టు. రెండణాల దాని మీద మాత్రం భుజాన ఈటె, మూట పెట్టుకుని పరుగెత్తే టపా మనిషి బొమ్మ, రాజు తల మూలకు. ఖాజామియా దాన్ని చూసినప్పుడల్లా మీసం తడుముకునేవాడు. "రాజు మూలకు కూసున్నడు, నడుమ నేను ఉరుకుతున్న. జర మీసమే తక్కువ పెట్టిండ్రు."

పంతులయ్యకు ఒక అలవాటు ఉండేది. టపా ముద్రను టికెట్ మీద, రాజు ముఖానికి తగిలేలా ఎన్నడూ కొట్టేవాడు కాదు. కవరును కొంచెం వంచి పెట్టి, ముద్ర పైఅంచు మాత్రం టికెట్ కింది గీతను, వెల రాసి ఉన్న చోటును తాకేలా, మెత్తగా అద్దేవాడు. నల్లటి చంద్రవంక ఒకటి రాజు మెడ కింద పడేది. ఒక్కోసారి అదీ పడేది కాదు, మసి అంతా కవరు మీదనే. రాజును సన్మానించమని లేఖనం చెప్పిందనీ, సన్మానించాల్సిన ముఖం మీద మసి కొట్టడానికి తనకు చేతులు రావనీ అనేవాడు. ఆ మాట మాకు ఎంతో గొప్పగా వినబడేది.

ఖాజామియాకు వినబడలేదు. "మా నిజాం టికెట్ మంచిది పంతులు సాబ్. ముఖమే ఉండదు. చార్మినార్ ఉంటది. ఎంత గట్టిగ గుద్దినా చార్మినార్‌కు నొప్పి లేదు," అని ఒకరోజు సంచి దించుతూ అన్నాడు. తరువాత సంచి మూతి విప్పుతూ, "ఆదివారం నాడు బొమ్మకు మొక్కొద్దు అంటవు. సోమవారం నాడు బొమ్మకు దెబ్బ తగలనియ్యవు. గిదేంది?" అని అడిగాడు.

"మొక్కుత లేను మియా. మర్యాద ఇస్తున్న."

"ఫరక్ ఏంది?"

ఆ తేడా చెప్పడానికి బదులు పంతులయ్య ముద్రను గుడ్డతో తుడవసాగాడు. ఖాజామియా గెలిచినట్టు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

యుద్ధం మొదలైన ఏడు నన్ను ఆ బడిలోనే చిన్న పిల్లలకు పంతులమ్మగా తీసుకున్నారు. నాకు పద్దెనిమిదో ఏడు. మిషన్ జీతం, మిషన్ గది. దొరగారు పిలిచి ఒక్క మాటే చెప్పారు. నడత మీద మచ్చ పడితే ఆ రోజే పని పోతుంది. ఈ సంగతి అన్నకు రాశాను. అన్న నుంచి ఏడాదిగా జాబు లేదు. మూడు వారాల తరువాత నా ఉత్తరమే నాకు తిరిగి వచ్చింది. కవరు వెనక బొంబాయి ముద్రలు, నీలం పెన్సిలుతో ఏదో గీత. ఆ చాల్‌లో, ఆ మిల్లు కూలీల ఇళ్ళ వరుసలో, శాంతయ్య అనే మనిషి లేడట. ముందువైపు అణా టికెట్ మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. పంతులయ్య ముద్ర దాని అంచును కూడా తాకలేదు.

వారం తిరగకముందే మా వాడవాడొకడు బొంబాయి నుంచి వచ్చి, అన్నను ఫలానా రేవు దగ్గర చూశానని కొత్త చిరునామా చెప్పాడు. నా మొదటి జీతం ఇంకా చేతికి రాలేదు. పంతులయ్యను అడిగితే ఇచ్చేవాడే. అడగడానికి సిగ్గుపడ్డాను. పంతులమ్మనయ్యాను కదా, ఇంకా అడుక్కోవడమా అనుకున్నాను. మధ్యాహ్నం హాస్టల్ వంటింట్లో అన్నం గుండిగ మూత తీసి, ఆ ఆవిరికి పాత కవరు పట్టాను. టికెట్ దానంతట అదే అంచులు లేపి ఊడి వచ్చింది. అది తప్పు అని నాకు అనిపించలేదని చెబితే అబద్ధం అవుతుంది. కానీ నా మనసు ఒక న్యాయం చెప్పింది. ఉత్తరం చేరలేదు, చేరని ఉత్తరానికి అణా ఎట్లా ఖర్చయినట్టు? రాజు నాకు ఇంకా ఒక ఉత్తరం బాకీ ఉన్నాడు. పిండి బంకతో దాన్ని కొత్త కవరుకు అంటించి టపాలో వేశాను. పాపం ఎప్పుడూ ఇలాగే న్యాయం మాట్లాడుతుందని ఆ తరువాత నలభై ఏళ్ళు ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పాను. అది ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం చెప్పలేదు.

పదిహేను రోజులకు కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బడి నడుస్తోంది. నేను పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. నా గదికీ టపా మూలకూ నడుమ ఒక తడిక మాత్రమే. ఆయన కవర్ల కట్ట ఒకటి బల్ల మీద పడేసిన చప్పుడు వినబడింది.

"ఏమయ్యా పంతులూ, ఇదేం ముద్ర? రాజుగారికి చక్కిలిగిలి పెడుతున్నావా?"

పంతులయ్య మెల్లగా చెప్పాడు. "ముఖం మీద కొట్టుడు మర్యాద కాదని అయ్యా."

"మర్యాదా! ముద్ర ఉన్నదే టికెట్టును చంపడానికి. నువ్వు చంపకుండా వదిలేస్తే ఇదిగో, ఇలా లేచి వస్తుంది." ఒక కవరు తీసి విడిగా పెట్టాడు. "ఊడదీసి మళ్ళీ అంటించిన టికెట్టు. వెనక బంక లేదు, పిండి ఉంది. నీ ఆఫీసు నుంచే వచ్చింది. ఎవరి చేతిరాత ఇది?"

నేను తడిక సందులోంచి చూశాను. నా కవరే. అన్న పేరు, కొత్త చిరునామా, పంతులయ్య స్వయంగా దిద్దించిన నా గుండ్రటి అక్షరాలు. వాటిని ఆయన చీకట్లో తడిమినా గుర్తుపట్టేవాడు. కవరును చేతిలోకి తీసుకుని ఒకసారి చూశాడు. తడిక వైపు తిరగలేదు.

"తెలుసా, తెలియదా?"

"తెలుసు అయ్యా."

"ఎవరు?"

"చెప్పను."

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాడు. గొంతు తగ్గించి, పేరు చెబితే ముద్ర సరిగా కొట్టమని హెచ్చరిక రాసి పోతాననీ, చెప్పకపోతే దొంగను దాచినట్టు రాసి ఆఫీసు ఎత్తేయాల్సి వస్తుందనీ అన్నాడు. సాయంత్రం బండికి తిరిగి పోతాను, అప్పటిదాకా ఆలోచించుకో అన్నాడు.

అంటే నాకు ఆరు గంటలు దొరికాయి. తడిక దాటి నాలుగు అడుగులు వేస్తే చాలు. ఎక్కాలు అయిపోయాక పద్యం చెప్పించాను. పద్యం అయ్యాక కూడికలు పెట్టాను. భోజనానికి పోలేదు. పంతులయ్య కూడా కుర్చీలోంచి లేవలేదు. నా గది, నా జీతం, అమ్మ కూలి మానుకోవచ్చన్న మాట, ఇవన్నీ నా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆయన ఏమీ కోల్పోడులే, బడి ఉంటుంది కదా అనుకున్నాను. కోల్పోయేది ఏమిటో నాకు తెలియక కాదు. సాయంత్రం ఇన్‌స్పెక్టరు ముద్రను, మసి డబ్బాను, తాళాన్ని గుడ్డలో మూట కట్టించి ఖాజామియా నెత్తిన పెట్టాడు. ఖాజామియా మెట్ల దగ్గర ఆగి, "పంతులు సాబ్, జర గట్టిగ గుద్దితే అయిపోతుండె గద," అన్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నెల తిరిగేసరికి టపా ఊళ్ళోని కోమటి దుకాణానికి పోయింది. మా వాడవాళ్ళు మళ్ళీ గడప కింద నిలబడ్డారు. ఉత్తరం పైనుంచి పడేది. బొంబాయిలో, సోలాపూరులో ఉన్న కొడుకుల ఉత్తరాలను ముసలితల్లులు దుమ్ములోంచి ఏరుకునేవారు. కొందరు చదివించుకోవడానికి పంతులయ్య దగ్గరికే తెచ్చేవారు. ఆయన ముందు కవరు దుమ్ము తుడిచి, తరువాత చదివేవాడు.

మా సంఘంలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, ఆయన పేర రొట్టె, పాత్రలో ద్రాక్షరసం అందరికీ అందిస్తారు. మనసులో దాచిన పాపంతో గానీ, సోదరుని మీద కోపంతో గానీ రొట్టె ముట్టకూడదని మాకు గట్టిగా నేర్పారు. అలాంటివాళ్ళు చెయ్యి చాచకుండా పాత్రను పక్కవాళ్ళకు పోనిస్తారు. ఆ నెల నేను పోనిచ్చాను. పాత్ర పట్టుకుని వరుసల వెంట నడిచేది సంఘపెద్ద అయిన పంతులయ్యే. ఆయన నా ముందు ఒక్క ఊపిరి ఆగి, ముందుకు కదిలాడు. రెండో నెల కూడా అంతే. మూడో నెల ఆడవాళ్ళు గుసగుసలాడారు. దేవుడి కోపానికి భయపడి పాత్ర ముట్టని నేను, మనిషి మేలు తిని నోరు మూసుకోవడానికి భయపడలేదు. అదే ఇప్పటికీ నాకు అంతుపట్టని సంగతి.

నాలుగో నెల అందరికీ ఇచ్చి చివర తన వంతు వచ్చినప్పుడు, పంతులయ్య పాత్రను నోటి దగ్గరికి తీసుకోలేదు. బల్ల మీద పెట్టేసి కూర్చున్నాడు. పాతికేళ్ళలో ఎవరూ చూడనిది. మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి పోయాను. చాటలో జొన్నలు ఏరుకుంటున్నాడు.

"మీరెందుకు తీసుకోలేదు పంతులయ్యా?"

ఆయన తల ఎత్తలేదు. "నీ మీద కోపం ఉంది బిడ్డా. పోతదనుకున్న. పోత లేదు. దినాం పొద్దుగాల లేవంగనే వస్తది. గట్ల పెట్టుకోని ఎట్ల ముట్టాలె?"

నేను ఏడ్చాను. "ఆ పొద్దు నా పేరు చెప్తే అయిపోతుండె గద."

"నేను చెప్తే నీకు ఏం మిగులుతది? నువ్వు వచ్చి చెప్తవని సూసిన. తడిక అవతల నీ నీడ కనబడ్డది. పొద్దుగూకే దాంక సూసిన." జొన్నలు ఏరడం ఆపాడు. "ముద్ర పోయిందని కాదు. ఆ నీడ కదలలే. అదే నాకు మంట."

తరువాతి ఆదివారం సంఘం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. దొరగారు నన్ను ఒక ఏడాది పనిలోంచి తీసేశారు. కర్నూలు ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాశాను, ఈసారి కొత్త టికెట్‌తో. కోమటి దుకాణంలో, గడప కింద నిలబడి కొన్నాను. జవాబు రెండు వరుసల్లో వచ్చింది. టికెట్ ఎవరు ఊడదీశారన్నది ఇప్పుడు అవసరం లేదు, ఊడదీయగలిగేలా ముద్ర కొట్టినవారిదే బాధ్యత. ఆఫీసు తిరిగి రాలేదు. అన్నకు నేను రాసిన ఉత్తరం ఏ బీరువాలో సాక్ష్యంగా ఉండిపోయిందో తెలియదు. అన్న మాట మళ్ళీ ఎవరి నోటా వినలేదు.

ఆ జవాబు చదివి పంతులయ్య, "నిజమే రాసిండు," అన్నాడు. కాగితం మడిచి, "ఖాజామియా అడిగిండు సూడు, ఫరక్ ఏందని. మొన్నటి దాంక ఆలోచించిన. ఫరక్ లేదు. కాగితం మీది ముఖానికి భయపడి పని పాడు చేసిన. అది మొక్కుడే," అన్నాడు. ఆ నెల బల్ల దగ్గర ఇద్దరమూ చెయ్యి చాచాము. ఏడాది తరువాత నన్ను మళ్ళీ బడిలోకి తీసుకోమని దొరగారి దగ్గరికి నడిచి వెళ్ళి అడిగినవాడు ఆయనే. పక్కపక్క గదుల్లో మరో ఐదేళ్ళు పాఠాలు చెప్పాము. చేతిరాత దిద్దేటప్పుడు మునుపటిలాగే కోప్పడేవాడు. నాతో నవ్వడం మాత్రం తక్కువైంది.

యుద్ధం ముగిసిన తరువాతి ఎండాకాలం ఆయనకు ఛాతీ పట్టేసింది. గద్వాల దవాఖానాకు పోనన్నాడు. నేను గంజి తీసుకుపోయాను. ఇద్దరమే ఉన్నాము. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నన్ను క్షమించిండ్రా పంతులయ్యా?"

"క్షమించిన బిడ్డా. ఎన్నడో." ఊపిరి అందక ఆగాడు. గంజి గిన్నె మీద చెయ్యి పెట్టి, "మరిసిపోలే. మరిసిపోయిన అని పోయేటప్పుడు అబద్ధం ఎందుకు చెప్పాలె," అన్నాడు.

మూడో రోజు పోయాడు.

దేవుడు మన పాపాలను సముద్రపు లోతుల్లో పడేస్తాడని నేను పూర్తిగా నమ్ముతాను. ఎందరి పడకల పక్కన కూర్చునో ఆ మాట చెప్పాను. కానీ పంతులయ్య మనిషి. మనిషికి పడేసే సముద్రం లేదు. తన దగ్గరే పెట్టుకుని, పొద్దున లేవగానే దాన్ని చూసి, మళ్ళీ క్షమించాలి. ఆయన అలా ఎన్ని పొద్దులు చేశాడో నేను లెక్క కట్టలేను. నన్ను నొప్పించినవాళ్ళను క్షమించాల్సి వచ్చినప్పుడు, మరిచిపోయే దాకా ఆగాలని నేను ఎన్నడూ అనుకోలేదు. అది ఆయన ఇచ్చిందే. ఆయన చివర చెప్పిన రెండో మాట, మరిసిపోలే అన్నది, అదీ నా దగ్గరే ఉంది, రాయిలాగా. ప్రార్థనలో ఎన్నో అడుగుతాను. దాన్ని తీసెయ్యమని మాత్రం ఇప్పటిదాకా అడగలేదు.